ఎగ్జిట్ రీ-ఎంట్రీ

దమ్మామ్‌లో మా ల్యాబు కిటికీలోంచి సముద్రం కనిపించదు.
ఏసీ నీళ్లు కారి ఉప్పు పూసిన గోడ,
దాని వెనక వ్యాన్ల పార్కింగు, అంతే.
రాత్రి డ్యూటీలో నా పని
మైనపు దిమ్మలోని మెదడు ముక్కను
ఉల్లిపొర కంటే పల్చగా కోసి
గోరువెచ్చని నీళ్ల మీద తేలనిచ్చి
గాజుపలక మీదికి ఎక్కించడం.
ముడత పడిందా, మళ్లీ మొదటికి.

రంగు పట్టించి చీకటి గదిలో చూస్తే
కణానికి రెండు చుక్కలు మెరవాలి,
అమ్మవైపుది ఒకటి, నాన్నవైపుది ఒకటి.
ఈ ముక్కలో నాలుగు.
నిద్రమత్తేమోనని
తెర మీద వేలు పెట్టి లెక్కపెట్టాను.
నాలుగే.

చర్మం చీలి రెండవుతుంది, పేగు రెండవుతుంది,
తెగిన వేలు వారంలో పూడుకుంటుంది.
నరాల కణం మాత్రం
మనిషి పుట్టకముందే ఫైనల్ ఎగ్జిట్ కొట్టించుకుంది.
దానికి పంపకాల్లేవు.
ఒక్కచోట కూర్చుని
డెబ్బై ఏళ్లు జ్ఞాపకం పెట్టుకోవడమే దాని నౌకరీ.
అట్లాంటిది ఒక రాత్రి
ఎవరు పిలిచారో, రీ-ఎంట్రీకి లేస్తుంది.
వేరుకాపురానికని ఇంట్లో ఉన్నవన్నీ జత చేస్తుంది,
చెంబుకు చెంబు, తపేలాకు తపేలా.
మధ్యగోడ మాత్రం లేవదు.
రెండిళ్ల సామాను మీద పడి
ఉన్న ఒక్క గదిలో
ఊపిరాడక పోతుంది.

ఇది రోగమా, రోగానికి జవాబా
అని డాక్టర్ ఇంతిసార్‌ని అడిగాను.
సూడాన్ ఆమె, అబద్ధం చెప్పదు.
టీ కప్పులో పుదీనా ఆకును తిప్పుతూ
"మాకూ తెలియదు" అంది.

దస్తగిరి మామకు ఇవేవీ చెప్పలేదు.
ముప్పై ఒక్క ఏళ్లు ఆసుపత్రి వ్యాను తోలినాడు.
కోబర్, కతీఫ్, జుబైల్,
కళ్లకు గంతలు కట్టినా చేరేవాడు.
మొన్న షాబానులో ఒక రౌండబౌట్‌లో
మూడో దారీ దాటి, నాలుగోదీ దాటి, మళ్లీ మొదటిదీ దాటి
పెట్రోలు అయ్యేదాకా తిరిగాడట.
పెట్టెలో మంచు కరిగి
కతీఫ్ శాంపిళ్లన్నీ పాడైనాయి.

తర్వాత జిరాక్సు కొట్టు నుంచి ఫోను.
మలబారు కుర్రాడు, "చేచీ, పొద్దున్నుంచి ఇది మూడోసారి" అన్నాడు.
పోయి చూస్తే
ఇకామా రెండు, పాస్‌పోర్టు రెండు,
లైసెన్సు, ఫక్రూబీ పాత ఉత్తరం,
గోడ క్యాలెండరులోంచి చింపిన నెల,
ఆఖరికి నంద్యాల చింతపండు పొట్లం కూడా
గాజు మీద పెట్టి మూత వేశాడు.
నల్లగా వచ్చింది, పేరు లేని దేశంలాగా.

"రెండో జత ఎవురికి మామా?"
"ఇంగొగడు పోవల్ల గదమ్మీ.
ఒగడు ఈడ్నే ఉంటాడు, ఒగడు పోతాడు.
కాయితాల్లేకుండా యెట్ల పోతాడు వాడు?"

నాకు నాలుగు చుక్కలు కనిపించాయి.
నవ్వానో ఏమో, ఆయనా నవ్వాడు.

కంపెనీ తొందరగానే తేల్చేసింది.
విమానాశ్రయంలో గాజు అద్దానికి ఇవతల నేను.
అవతల ముద్ర వేసే కుర్రవాణ్ణి
వేళ్లతో గుండ్రంగా తిప్పి చూపించి అడుగుతున్నాడు,
మళ్లీ రావడానికి ఎన్నాళ్లు గడువని.
వాడు తలెత్తకుండా "మాఫీ" అన్నాడు.
అరబ్బీలో ఆ మాటకు లేదు అని.
ముప్పై ఒక్క ఏళ్లలో లక్షసార్లు విన్న మాటే.
మామ వెనక్కి తిరిగి
అప్పు తీరిన రైతులాగ చేతులెత్తి
నాకు వినబడాలని కేకేశాడు:
"మాఫీ చేసినారంట అమ్మీ!"

రెండో జత కాగితాలు నా డ్రాయర్లో ఉన్నాయి,
స్లైడు పెట్టెల కింద.
చింతపండు కాపీ మీద సిరా ఇంకా చేతికి అంటుతుంది.